దొరలు రారు, దర్శనం తెర మీదే

2025 జూన్ 27 సాయంత్రం లాస్ ఏంజెలెస్‌లోని పీకాక్ థియేటర్‌లో మాథ్యూ షేఫర్ అనే పదిహేడేళ్ళ కుర్రాడి పేరు పిలిచారు. ఆ ఏటి ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక అతనే. కుర్రాడు కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. తల్లి అంతకు ముందు ఏడాది రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆమె గుర్తుగా జెర్సీ మీద కుట్టిన గులాబీ రంగు రిబ్బన్‌ను ముద్దు పెట్టుకున్నాడు. ఇక జరగాల్సింది ఒక్కటే. ఏరి కోరి తీసుకున్న న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు పెద్ద, జనరల్ మేనేజర్ మాత్యూ డార్ష్, వేదిక మీద ఆ కుర్రాడి భుజం తట్టాలి. తట్టలేదు. ఆయన అక్కడ లేరు. లాస్ ఏంజెలెస్‌కు నాలుగు వేల కిలోమీటర్ల అవతల, తన జట్టు ఊళ్ళో ఉన్నారు. కుర్రాడిని 'డ్రాఫ్ట్ హౌస్' అని పేరు పెట్టిన ఒక గదిలోకి పంపారు. అక్కడ పెద్ద తెర. తెర మీద మేనేజర్ గారూ పరివారమూ. ఇటునుంచి కుర్రాడు, అటునుంచి పెద్దలు, మధ్యలో ఒకరి మాట ఒకరికి చేరేదాకా బిత్తరచూపులు. ఇదే తంతు రాత్రి పొద్దుపోయేదాకా వచ్చిన ప్రతి కుర్రాడికీ. ఒక్క మొదటి రౌండుకే నాలుగు గంటలు దాటింది.

ఈ పద్ధతికి నా సంపూర్ణ మద్దతు ప్రకటిస్తున్నాను. సగంలో ఆపేశారన్నదొక్కటే నా ఫిర్యాదు.

హాకీ అనగానే మనకు పచ్చిక మైదానమూ ధ్యాన్‌చందూ గుర్తొస్తారు. ఇది ఆ హాకీ కాదు. కాళ్ళకు స్కేట్లు కట్టుకుని మంచు మీద ఆడేది; అమెరికా, కెనడాల్లో ఎన్‌హెచ్‌ఎల్ అనే 32 జట్ల వ్యాపారం. ఏటా వేసవిలో ఆ జట్లు పద్దెనిమిదేళ్ళకు అటూఇటూ ఉన్న కుర్రాళ్ళను వంతులవారీగా పంచుకుంటాయి, డ్రాఫ్ట్ అంటే అదే. ఏడు రౌండ్లు, 224 పేర్లు. వేలంపాట ఉండదు, వంతు ఉంటుంది. ఫలానా ఊరికి పోతానని కుర్రాడు కోరుకోవడానికి లేదు. 1963లో మాంట్రియల్‌లో ఒక హోటల్లో తలుపులేసుకుని ఈ పంపకం మొదలుపెట్టారు. 21 మందిని పంచుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. 1980లో మాంట్రియల్ ఫోరమ్ తలుపులు తెరిచి జనాన్ని రానిచ్చారు. అప్పట్నించీ అది జనం చూసే వేడుక అయింది.

ఏం చూసేవాళ్ళు జనం? మంచు తీసేసిన అరేనా నేల మీద వరసగా బల్లలు. ఒక్కో బల్ల మీద జట్టు పేరున్న బోర్డు, టెలిఫోను, కాగితాల కట్టలు, సగం తాగిన నీళ్ళ సీసాలు. చుట్టూ కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు. పక్క బల్లవాడి కంట పడకుండా జాబితా మీద మోచెయ్యి అడ్డం పెట్టుకునేవాడొకడు. ఒక బల్ల దగ్గర్నుంచి లేచి ఇంకో బల్ల వైపు ఎవరైనా నాలుగడుగులు వేస్తే చాలు, గ్యాలరీలో గుసగుసలు. ఇంతలో కమిషనర్ గ్యారీ బెట్‌మన్ మైకు ముందుకొస్తాడు. 1993 నుంచీ లీగ్‌ను ఏలుతున్నాడు కాబట్టి కనిపించగానే జనం అరిచి గోల చేసి గౌరవిస్తారు. ఆ గోల మధ్యనే 'ఒక ట్రేడ్ (ఆటగాళ్ళ మార్పిడి) ప్రకటించాల్సి ఉంది' అనగానే గోల కాస్తా కేరింత అయిపోతుంది.

ఆ పాత డ్రాఫ్ట్‌లో రెండో రోజు సంగతి నాకు ఇంకా ఇష్టం. ఐదో రౌండులో పేరు పలికిన కుర్రాడికి వేదికా ఉండదు, కమిషనరూ ఉండడు. గ్యాలరీలో అమ్మను కావలించుకుని, మెట్లు దిగి, సరాసరి జట్టు బల్ల దగ్గరికి నడుస్తాడు. ఆ బల్ల చుట్టూ ఉన్న ప్రతి మనిషితోనూ చెయ్యి కలుపుతాడు. ఆ చివర నిలబడి ఉంటాడు స్కౌట్. కెనడాలోని సస్కచ్వాన్ చలిలో మైళ్ళకు మైళ్ళు కారు నడుపుకుంటూ పోయి, చిన్న చిన్న ఊళ్ళ అరేనాల్లో చల్లారిన కాఫీతో కూర్చుని, ఆ కుర్రాడి ఆట చూసి చూసి, లోపల మీటింగులో పోట్లాడి ఆ పేరు జాబితాలో నిలబెట్టినవాడు. ఆయన ఆ చెయ్యి మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువసేపు పట్టుకుంటాడు. టీవీ కెమెరా ఎప్పుడూ అటు తిరగదనుకోండి. గ్యాలరీలో వాళ్ళకు మాత్రం కనిపిస్తుంది.

ఇదంతా దండగమారి శ్రమ అని జట్లకు తోచింది. ఓటు పెట్టుకుంటే అత్యధికులు ఇంటిపట్టునే ఉంటామన్నారు. అంతకు ముందు 2020 అక్టోబరులో, 2021 జులైలో కోవిడ్ పుణ్యమా అని డ్రాఫ్ట్ దూరం నుంచే జరిగింది. ఆటగాళ్ళు ఇళ్ళల్లో, మేనేజర్లు ఆఫీసుల్లో, కమిషనర్ టీవీ స్టూడియోలో. అప్పుడు దాన్ని ఖర్మ అన్నారు. ఇప్పుడు అదే సంస్కరణ. 2024లో లాస్ వేగస్‌లోని స్ఫియర్‌లో, 230 కోట్ల డాలర్లతో కట్టిన ఆ గుండ్రటి వింత కింద, అందరూ ఒక్కచోట కూర్చుని చివరి డ్రాఫ్ట్ చేశారు. ఆ రోజు మాంట్రియల్ జట్టు ఎంపికను చదివింది సాక్షాత్తూ సెలీన్ డియాన్. భూమ్మీద ఉన్న అతి పెద్ద తెరల్లో ఒకదాని కింద మనుషులంతా స్వయంగా కూర్చున్నారు. మరుసటేడు ఆ మనుషులే తెరల్లోకి దూరారు.

కారణాలు అడిగితే గౌరవనీయంగా ఉంటాయి. మొదటిది, తీరిక లేదట. డ్రాఫ్ట్ జూన్ చివర్లో, ఆటగాళ్ళ కాంట్రాక్టుల సంత జులై 1న. 2024లో లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్ జూన్ 24న ముగిస్తే, డ్రాఫ్ట్ 28, 29 తేదీల్లో. ఊపిరాడదు, నిజమే. కానీ ఈ తేదీలు ఏ పంచాంగకర్త గణించి పెట్టాడు? పెట్టింది వాళ్ళ లీగే. ముహూర్తం ఇరుకైందనుకుంటే ముహూర్తం జరుపుకోవాలి గాని, రావాల్సినవాళ్ళు రావడం మానేస్తారా? ఆడపిల్లవాళ్ళు బంధుబలగంతో కల్యాణమండపానికి దిగితే, మగపెళ్ళివారు ఇంట్లో సోఫాలో కూర్చుని 'మాకు రేపు ఇంకో పనుంది, తలంబ్రాలు వీడియోకాల్‌లో పోస్తాం' అన్నట్టుంది.

రెండో కారణం ఖర్చు. 2025–26లో ఒక్కో జట్టు ఆటగాళ్ళ జీతాల మీద 9 కోట్ల 55 లక్షల డాలర్ల వరకు వెచ్చించవచ్చు. పాపం, ఇంతటి సంసారంలో పాతిక విమాన టికెట్లూ నాలుగు రాత్రుల హోటల్ గదులూ ఎక్కణ్ణుంచి తెస్తారు? ఒంటారియో నుంచీ స్వీడన్ నుంచీ కుర్రాళ్ళూ వాళ్ళ అమ్మానాన్నలూ తాతలూ మాత్రం ఎగిరి రావచ్చు. వాళ్ళకు ఆ ఒక్క రోజే ఉంది కదా, వస్తారు.

మూడోది గుట్టు. పక్క బల్లవాడు వింటాడని భయం. అరవై ఏళ్ళుగా ఆ భయంతోనే పంచుకున్నారు. ఎవరి రహస్యం ఎవరు దొంగిలించి ఎన్ని కప్పులు గెలిచారో ఎవరూ చెప్పరు.

నాలుగోదే అన్నిటికన్నా బలమైనదిగా చలామణీ అవుతోంది: అమెరికన్ ఫుట్‌బాల్ వాళ్ళు అలాగే చేస్తారుగా! చేస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఏనాటినుంచో సొంత ఊళ్ళ నుంచే డ్రాఫ్ట్ నడుపుతున్నాయి, 2024లో డెట్రాయిట్‌లో ఆ వేడుకకు ఏడు లక్షల డెబ్బై ఐదు వేల మంది వచ్చారు కూడా. అయితే ఆ కుర్రాళ్ళు మూడేళ్ళు కాలేజీ ఫుట్‌బాల్ ఆడి అప్పటికే టీవీలో ఊరూవాడా తెలిసినవాళ్ళు. ఏప్రిల్‌లో పేరు పిలిస్తే సెప్టెంబరులో మైదానంలో దిగుతారు. హాకీలో పిలిచేది పద్దెనిమిదేళ్ళవాణ్ణి. ఏ స్వీడన్ కుర్రాళ్ళ లీగులోనో, ఏ ఒంటారియో చిన్న ఊళ్ళోనో ఆడేవాణ్ణి. షేఫర్ లాంటి ఒకరిద్దరిని మినహాయిస్తే, టీవీ ముందు కూర్చున్నవాళ్ళలో నూటికి తొంభై మంది అతని ఆట చూసి ఉండరు. అతను జట్టులోకి రావడానికి రెండేళ్ళు పట్టవచ్చు, నాలుగేళ్ళు పట్టవచ్చు, అసలు రాకనే పోవచ్చు. అంటే ఆ సాయంత్రం జనానికి తెలిసిన మొహాలు కుర్రాళ్ళవి కావు, బల్లల దగ్గర కూర్చున్న పెద్దలవి. తిట్టుకోవడానికీ మురిసిపోవడానికీ ఉన్నది వాళ్ళే. నాటకంలో తెలిసిన పాత్రలన్నిటినీ ఇంటికి పంపించేసి, తెలియనివాళ్ళను వేదిక మీద నిలబెట్టి, ఇక రక్తి కట్టించండి అన్నారు. రక్తి కట్టదని అనుమానం వచ్చినట్టుంది, సినిమావాళ్ళను పిలిచారు. ఏడో ఎంపికను బోస్టన్ బ్రూయిన్స్ తరఫున వీడియోలో ప్రకటించింది ఆడమ్ శాండ్లర్, తన పాత సినిమాలోని హ్యాపీ గిల్‌మోర్ వేషంలో. సరిగ్గా నెల తిరక్కముందే ఆ సినిమా రెండో భాగం విడుదల. జేమ్స్ హేగన్స్ అనే కుర్రాడి జీవితంలో పెద్ద రోజు, ఇంకొకరి సినిమా ప్రచారంలో మొదటి రోజుల్లో ఒకటి. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. కుర్రాడు ఏ పిట్టో నాకు తెలియలేదు.

మన ఐపీఎల్ వేలం చూసేవాళ్ళకు ఈ వింత తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే మనది దీనికి సరిగ్గా తలకిందులు. మన దగ్గర కొనేవాళ్ళు వస్తారు, అమ్ముడయ్యేవాళ్ళు రారు. 2023లో దుబాయి, 2024లో జెద్దా, ఎంత దూరమైనా సరే యజమానులు విమానమెక్కి వచ్చి బల్లల దగ్గర కూర్చుంటారు. సన్‌రైజర్స్ హైదరాబాద్ బల్ల దగ్గర కావ్యా మారన్ కనుబొమ్మ ఎగరేస్తే ఇక్కడ వనస్థలిపురంలో మీమ్ తయారవుతుంది. రిషభ్ పంత్‌కు లక్నో వాళ్ళు 27 కోట్లు పాడినప్పుడు పంత్ మొహం కాదు మనం చూసింది, పక్క బల్లల మొహాలు. దుబాయిలో శశాంక్ సింగ్‌ను కొన్నాక పంజాబ్ బల్ల దగ్గర కనిపించిన తడబాటు గుర్తుందా? ఈ శశాంక్ మేం కొనాలనుకున్నవాడు కాదేమో అన్నట్టు వెనక్కి తీసుకోబోయారు, సుత్తి పడిపోయిందని వేలం నడిపే మల్లికా సాగర్ ఒప్పుకోలేదు. కాదు, మా జాబితాలో ఉన్నవాడే అని ఫ్రాంచైజీ తర్వాత సర్దిచెప్పుకుంది. మరుసటి సీజన్లో ఆ కుర్రాడే జట్టును ఆదుకున్నాడు. ఆ తడబాటు నలుగురి మధ్యా జరిగింది గనక మనకు కథ మిగిలింది. వీడియోకాల్‌లో అయితే మ్యూట్ నొక్కేవాళ్ళు.

హాకీకీ అలాంటి కథలుండేవి. 2022లో మాంట్రియల్‌లో డ్రాఫ్ట్. ఏడాది పొడుగునా మొదటి ఎంపిక షేన్ రైటేనని లోకమంతా అనుకుంది. సొంత జనం మధ్యలో మాంట్రియల్ జట్టు స్లొవేకియా కుర్రాడు స్లఫ్‌కోవ్‌స్కీ పేరు చెప్పింది. రెండో జట్టూ రైట్‌ను వదిలేసింది, మూడోదీ వదిలేసింది. నాలుగో జట్టు సియాటెల్ పిలిచాక కుర్రాడు వేదిక ఎక్కి మాంట్రియల్ బల్ల వైపు ఒక చూపు చూశాడు. అలా ఉద్దేశించి చూడలేదని తర్వాత తనే చెప్పుకున్నాడు, ఎవరు నమ్మారు గనక! ఆ డిసెంబరులో ఎన్‌హెచ్‌ఎల్‌లో అతని మొదటి గోలు ఎవరి మీద పడిందనుకున్నారు? మాంట్రియల్ మీదే. లాస్ ఏంజెలెస్ పద్ధతిలో అతను ఎటు చూడాలి? కెమెరా నల్లటి కన్నులోకా? అది 32 జట్లనూ సమానంగా చూసినట్టు అవుతుంది. కోపానికి చిరునామా ఉండదు.

ఇక అభిమానుల మాటకొస్తే, సమర్థించేవాళ్ళలో ఎక్కువమంది పలికేది ఒకటే పల్లవి: మొదటిసారి కదా, సాంకేతిక ఇబ్బందులు సర్దుకుంటాయి. మైకు బాగుచేస్తే సరి, ఆ గది తీసేస్తే సరి, నాలుగు గంటలను మూడు చేస్తే సరి. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత విన్నాం. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, కానీ అది బాగుపడినా ఆడేవాడు హాల్లో లేడు. మాట ఆలస్యం లేకుండా చేరితే కలిగే లాభమల్లా మేనేజర్ గారి 'అభినందనలు, ఈ ప్రయాణం నీతో పంచుకోవడం మాకు గర్వకారణం' ఒక సెకను ముందు వినిపించడమే.

వ్యతిరేకించేవాళ్ళనూ ఊరికే వదలక్కర్లేదు. మేనేజర్లు కలవకపోతే ట్రేడ్లు చచ్చిపోతాయని కొందరు శోకండాలు పెట్టారు. అదే రోజు నోవా డాబ్సన్ అనే పెద్ద ఆటగాణ్ణి ఐలాండర్స్ వాళ్ళు మాంట్రియల్‌కు ఇచ్చి, బదులుగా 16, 17 నంబర్ల వంతులూ ఒక ఆటగాణ్ణీ తీసుకున్నారు. బేరం ఫోన్లో కుదురుతుంది, ఎప్పుడూ కుదిరింది. పాత రోజుల్లోనూ ఇరవై అడుగుల అవతలి బల్లకు ఫోన్ చేసే మాట్లాడుకునేవాళ్ళు. ఇంకొందరు పాత డ్రాఫ్ట్‌ను ఇప్పుడు తలుచుకుని కన్నీరు పెడుతున్నారు గాని, ప్రతి జట్టూ పదిమందిని వెంటేసుకుని వేదికెక్కి, ఆతిథ్యమిచ్చిన ఊరికి వందనం, కప్పు గెలిచిన జట్టుకు అభినందనం, గ్యాలరీలో మా అభిమానులకు నమస్కారం అంటూ 32 సార్లు చదువుతుంటే కునికిపాట్లు పడింది వీళ్ళే. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో డల్లాస్ స్టార్స్ ప్రాక్టీసు అరేనాకు దగ్గర్లో ఉంటూ, ఇడ్లీ తిన్నంత శ్రద్ధగా హాకీ చూసే మా బంధువుల కుర్రాడొకడు ఉన్నాడు. 'ఆ ఉపన్యాసాలు పోయాయి కదరా, సుఖమేగా' అంటే, 'ఉపన్యాసాలు పోలేదు బాబాయ్, మనుషులు పోయారు. ఉపన్యాసాలు తెర మీద ఉన్నాయి' అన్నాడు.

ఈ సంస్కరణ అంతరార్థం నిజంగా పట్టుకున్నవాడు ఒకే ఒక్కడు: బ్రేడీ మార్టిన్. ఒంటారియోలోని ఎల్మైరా దగ్గర వాళ్ళకు పశువులూ పందులూ కోళ్ళూ ఉన్న పొలం. పెద్దలు రాని చోటికి నేనెందుకు అనుకున్నాడో, పొలంలో పనుంది అనుకున్నాడో, లాస్ ఏంజెలెస్ వెళ్ళలేదు. నాష్‌విల్ జట్టు అతణ్ణి ఐదో ఎంపికగా తీసుకుంది. ఆ రాత్రి కార్యక్రమం మొత్తంలో కృత్రిమంగా కనిపించని దృశ్యం అతనిదేనంటాను. జట్టు వాళ్ళ ఊళ్ళో జట్టు, కుర్రాడి ఇంట్లో కుర్రాడు, మధ్యలో థియేటర్ ప్రమేయమే లేదు.

నేను సగంలో ఆపేశారన్నది ఇందుకే. మార్టిన్ చూపిన దారిలో పూర్తిగా నడవాలి. కుర్రాళ్ళందరినీ ఇళ్ళల్లోనే ఉండనివ్వండి. బెట్‌మన్‌ను కూడా ఆయన ఇంట్లోనే ఉంచండి. జనం ఆయన్ని గోల చేయడానికి ఫోన్లో ఒక మీట పెడితే పోతుంది. వేళాకోళమాడుతున్నానని అనుకోకండి, 2020లో ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్‌ను ఇళ్ళ నుంచే అల్లరి పెట్టడానికి ఒక బీరు కంపెనీ ఏర్పాట్లు చేసింది, ఆయన తన ఇంటి బేస్‌మెంటులో కూర్చుని ఇంకా గట్టిగా అనండి అని ప్రోత్సహించాడు కూడా. ఆ ఏడే బిల్ బెలిచిక్ అనే మహా కోచ్ ఇంట్లో కెమెరా పెడితే, ఎంపిక వేళకు కుర్చీలో ఆయన లేడు, ఆయన కుక్క ఉంది. కంప్యూటర్ ముందు బుద్ధిగా కూర్చుంది. ఆ డ్రాఫ్ట్ అంతటిలో జనానికి మరపురాని మొహం దానిదే. హాకీ మేనేజర్లు గమనించాలి.

దూరం నుంచి చేసే డ్రాఫ్ట్ కొత్త ఆవిష్కరణ అనుకుంటున్నవాళ్ళు 1974ను ఒకసారి చూడాలి. అప్పట్లో వరల్డ్ హాకీ అసోసియేషన్ అనే పోటీ లీగ్ ఆటగాళ్ళను ఎగరేసుకుపోతోందని ఎన్‌హెచ్‌ఎల్‌కు బెంగ. అందుకని గుట్టుగా, టెలిఫోన్లోనే డ్రాఫ్ట్ పెట్టారు. లీగ్ ఒక్కో జట్టుకూ ఫోన్ చేయడం, అప్పటిదాకా పోయిన పేర్లు చదవడం, వాళ్ళ ఎంపిక రాసుకోవడం, మళ్ళీ తర్వాతి జట్టుకు ఫోన్. రోజుల తరబడి సాగింది. బఫెలో సేబర్స్ మేనేజర్ పంచ్ ఇమ్‌లాక్‌కు విసుగు తలకెక్కింది. పదకొండో రౌండులో, 183వ ఎంపికగా, టోక్యో కటానాస్ జట్టు సెంటర్ ఆటగాడు తారో త్సుజిమోతో అని ఫోన్లో చెప్పాడు. లీగ్ రాసుకుంది, పత్రికలు అచ్చేశాయి. అలాంటి జట్టు లేదు, అలాంటి ఆటగాడు పుట్టలేదు. పేరు జపనీయుల దుకాణం ఒకదాని నుంచి అరువు తెచ్చుకున్నది. ఎదురుగా బల్ల లేదు, మెట్లు దిగి వచ్చి చెయ్యి కలపాల్సిన కుర్రాడు లేడు. ఎవరికి అనుమానం వస్తుంది? ప్రాక్టీసు శిబిరం మొదలయ్యే వేళకు గాని అసలు గుట్టు బయటపడలేదు. లీగ్ రికార్డుల్లో దాన్ని చెల్లని ఎంపికగా కొట్టేశారు. బఫెలో జనం మాత్రం కొట్టెయ్యలేదు. ఆ పేరు, వెనక 74 నంబరు వేయించిన జెర్సీలు ఇప్పటికీ తొడుక్కుని మ్యాచ్‌లకు వస్తారు.

2026 డ్రాఫ్ట్‌కు వేదికగా లీగ్ ఎంచుకున్న ఊరు బఫెలో. ఎవరి ఊళ్ళో వాళ్ళుండాలన్న నియమమే సాగితే, హాలుకు నడిచి వచ్చే సాకు దొరికేది సేబర్స్ మేనేజర్ ఒక్కరికే. మిగిలిన ముప్పై ఒక్కరి కుర్చీలకూ ఆందోళన అక్కర్లేదు, 74 నంబరు జెర్సీలవాళ్ళు కూర్చుంటారు. రానివాళ్ళకు ప్రతినిధిగా లేనివాడు.